గోడ కింది నక్షత్రాలు

నేను తీసిన మొదటి ఫోటోలు చూసి పత్రిక సంపాదకురాలు అన్న మాట నాకిప్పటికీ గుర్తుంది.

"మీ ఇళ్ళన్నీ వెనక్కి పడిపోతున్నాయి. ముందు వాటిని నిలబెట్టి తీసుకురండి."

పీటర్‌మారిట్జ్‌బర్గ్‌లో ఒక ఎర్ర ఇటుకల మేడ మీద, రెండు గదుల్లో నడిచే చిన్న పత్రిక అది. భవనాల గురించి తప్ప ఇంకేమీ వేసేది కాదు. సంపాదకురాలు యాభై దాటిన తెల్లావిడ. చెవి మీద పెన్సిలు పెట్టుకుని, ఆ పెన్సిలు కోసమే బల్లంతా వెతుక్కునే మనిషి. నేను డర్బన్ నుంచి బస్సెక్కి, పన్నెండు ఫోటోలు అట్టల మధ్య పెట్టుకుని వెళ్ళాను. ఆవిడ వాటిని బల్ల మీద పేకముక్కల్లా పరిచింది. నిజమే, కింద నుంచి కెమెరా ఎత్తి తీశానేమో, ప్రతి మేడా పైకి వెళ్ళేకొద్దీ సన్నబడి వెనక్కి వాలిపోయింది.

నేను లేవబోతుంటే ఆవిడ బీరువా తెరిచి ఒక చెక్కపెట్టె బయటికి లాగింది.

"ఇది మా ఫోటోగ్రాఫర్‌ది. ఎన్నికలు కాగానే భయపడి ఆస్ట్రేలియా వెళ్ళిపోయాడు. మీరేమో అదే సమయానికి ఇక్కడికి వచ్చారు. తీసుకెళ్ళి నేర్చుకోండి. విరగ్గొట్టకండి."

తిరుగు బస్సులో ఆ పెట్టెను చంటిబిడ్డలా ఒళ్ళో పెట్టుకున్నాను. డర్బన్ వచ్చేదాకా మూడుసార్లు తెరిచి చూశాను.

నల్లవాళ్ళకి మొదటిసారి ఓటు వచ్చిన ఆ ఎన్నికలు జరిగిన మరుసటి ఏడాది మేం ఆ దేశం వచ్చాం. మా ఆయన ప్రభుత్వాసుపత్రిలో మత్తుమందు డాక్టరు. నేను హైదరాబాదులో ఆర్కిటెక్చర్ చదివి, మూడేళ్ళు ఒక ఆఫీసులో అపార్టుమెంట్ల బాత్‌రూములు గీసిన దాన్ని. డర్బన్‌లో ఉద్యోగం చేయాలంటే మళ్ళీ పరీక్షలు రాయాలన్నారు. ఆ పుస్తకాలు తెచ్చుకున్నాను గానీ పేజీ తిరగలేదు. బయట వీధులు లాగేస్తుంటే ఇంట్లో ఎలా కూర్చోను! ఓవర్‌పోర్ట్‌లో మేమున్న వీధి కొండవాలు మీద ఉంది. ఒకింటి వరండాకి పోత ఇనుముతో లేసులా అల్లిన అంచు, దాని పక్కింటికి ఓడ ముందుభాగంలా గుండ్రటి బాల్కనీ, ఆ పైన మసీదు మినారు, ఆ వెనకాల సముద్రం. నా చిన్న కెమెరాతో కనిపించినదల్లా తీసేశాను. ఆ పిచ్చే నన్ను పీటర్‌మారిట్జ్‌బర్గ్ దాకా తీసుకెళ్ళింది.

మర్నాడు పొద్దున్నే పెట్టెకెమెరాను ఇంటి ముందు మూడుకాళ్ళ స్టాండు మీద నిలబెట్టాను. ముందు పలకకి లెన్సు, వెనక పలకకి గరుకు గాజు, మధ్యలో హార్మోనియం తిత్తుల్లాంటి నల్లటి మడతలు. నల్లగుడ్డ నెత్తిన కప్పుకుని గాజులోకి చూస్తే ఎదురింటి మేడ తలకిందులుగా కనిపించింది. పెట్టెలో దొరికిన పుస్తకంలో చదివినట్టే వెనక పలకను నిటారుగా ఉంచి, ముందు పలకను మాత్రం మెల్లగా పైకి జరిపాను. అంతే! అప్పటిదాకా కనిపించని పైకప్పు గాజులోకి దిగింది, గోడలు మాత్రం కర్ర పెట్టి గీసినట్టు నిలువుగా నిలబడ్డాయి. గుడ్డ లోపలే కేకేశాను.

కింద వాటాలో ఉండే ఇంటావిడ పరుగెత్తుకొచ్చింది.

"ఏటయినాది గుంటా? పామా?"

"కాదవ్వా, మేడ నిలబడింది!"

"మేడ నిలబడక పరిగెడతాదేటి!" అని నవ్వుతూ పోయింది.

ఆవిడ ముత్తాత విశాఖపట్నం వైపు నుంచి చెరుకు తోటల్లో కూలికి ఓడెక్కి వచ్చినవాడట. ఆవిడ మాట్లాడేదంతా ఇంగ్లీషే. తిట్టడానికి, తినమనడానికి, దండం పెట్టుకోడానికి మాత్రం తెలుగు. ఆ తెలుగులో నువ్వయినా నేనయినా క్రియకు ఒకటే తోక. "నాను వచ్చినాది, నువ్వు తిన్నాది" అనేది. మాది అనకాపల్లి దగ్గర కాబట్టి ఏమిటిని ఏటి, పిల్లని గుంట అనడం వినగానే నాకు ప్రాణం లేచొచ్చేది. మొదటిరోజు నుంచే ఆవిడ నాకు అవ్వ అయిపోయింది.

అవ్వ తమ్ముడు ఊళ్ళోనే ఆషర్‌విల్‌లో ఉండేవాడు. ఆదివారం ఆదివారం తన బక్కీ వేసుకుని, వెనకాల ట్రేలో దొడ్లో కాసిన బీరకాయలూ మిరపకాయలూ పెట్టుకుని అక్కను చూడ్డానికి వచ్చేవాడు. వెనక భాగం తెరిచి ఉండే చిన్న వ్యానును అక్కడ బక్కీ అంటారు. ఆయన అరవై దాటిన తాపీమేస్త్రీ. అప్పటికి పని మానేశాడు. అరచేతులు మాత్రం ఇంకా గచ్చులాగే ఉండేవి. ఆ ఆదివారం నేను కెమెరా పెట్టుకుని ఉంటే వచ్చి, అడక్కుండానే నల్లగుడ్డలో తల దూర్చాడు. తలకిందుల బొమ్మ చూసి అందరూ కంగారు పడతారు. ఆయన పడలేదు.

"ఎడమ పక్క గోడ తూకంలో లేదు. అరంగుళం బయటికి వచ్చింది," అన్నాడు.

నేను నమ్మలేదు. ఆయన జేబులోంచి దారం, దానికి కట్టిన ఇత్తడి గుండు తీసి, వీధి దాటి వెళ్ళి, ఆ గోడకు వేలాడదీసి చూపించాడు. అరంగుళమే!

"తాతా, నాతో వస్తారా? నేను భవనాలు ఫోటోలు తీయాలి. నాకు కారు నడపడం రాదు."

"ఎక్కడికి?"

"ఎక్కడికయినా."

ఆయన అక్క వైపు చూశాడు. అవ్వ చేతులు తిప్పుతూ, "తీసుకుపో, తీసుకుపో. ఇంట్లో కూసుని గడియారం చూసుకుంటాది, ముసిలోడు," అంది. ముసిలోడన్న మాట ఆయనకే.

అలా మొదలైంది మా తిరుగుడు. పత్రిక కోసం మొదట కొత్త స్కూలు భవనాలూ, ఒక బ్యాంకూ, సముద్రం ఒడ్డున ఒక ఈతకొలనూ తీశాను. ఇప్పుడు ఇళ్ళు పడిపోవడం లేదు. సంపాదకురాలు బొమ్మను కిటికీ దగ్గర పట్టుకుని చూసి "ఊఁ" అనేది. ఆ ఊఁ కోసం నేను ఎంత దూరమైనా వెళ్ళేదాన్ని.

ఒకరోజు కొండల వైపు ఒక చిన్న రైలు స్టేషను తీయడానికి వెళ్ళాం. చక్కటి రాతి కట్టడం. కెమెరా బిగించి గాజులో చూస్తుంటే ఏదో తేడాగా ఉంది. అంత చిన్న స్టేషనుకు రెండు ద్వారాలు, రెండు టికెట్ కిటికీలు, పట్టాలు దాటడానికి రెండు మెట్లవంతెనలు. ఒక వంతెన మీద రేకుల కప్పుంది, రెండోదానికి లేదు.

"తాతా, ఇదేంటి? ఇంత చిన్న ఊరికి అన్నీ రెండెందుకు?"

ఆయన నన్ను ఎగాదిగా చూసి పడీపడీ నవ్వాడు. "నువ్వు ఆలస్యంగా వచ్చావమ్మా. ఆ కప్పున్నది తెల్లోళ్ళకి. వానలో తడిసేది మాకూ, ఇక్కడి జులూ నల్లోళ్ళకీ."

తెల్లవాళ్ళకు మాత్రమే అన్న బోర్డులు తీసేశారు. మనుషుల్ని రంగును బట్టి విడదీసిన ఆ చట్టాలూ పోయాయి. ఇటుకలు మాత్రం ఇంకా అక్కడే నిలబడి ఉన్నాయి! భవనాల చదువు చదివిన దాన్ని, రోజూ చూస్తూ కూడా ఇంతకాలం ఎలా గమనించలేదు? ఆ పెట్టెకెమెరాలో ఒక్కో ఫోటోకీ ఒక్కో ఫిల్ము పెట్టాలి. ఆ పూట కంగారులో రెండు పాడుచేశాను. మర్నాడే పీటర్‌మారిట్జ్‌బర్గ్ వెళ్ళి సంపాదకురాలి ముందు ఆ బొమ్మ పెట్టాను.

ఆవిడ ఈసారి ఊఁ అనలేదు. చాలాసేపు చూసి కుర్చీలోంచి లేచింది.

"ఇలాంటివి ఇంకా ఎన్ని ఉంటాయి?"

"తెలీదు. కానీ అన్నిచోట్లా రంగులు వేస్తున్నారు, తలుపులు పూడ్చేస్తున్నారు. మా తాత చెప్పారు."

"అయితే పరుగెత్తండి. వాళ్ళు పూడ్చేలోపల తీయండి. ఇంకో మాట. ఫోటోల కింద వ్యాసం కూడా మీరే రాయండి."

"నాకు రాయడం రాదండీ."

"గోడలు నిలబెట్టడం కూడా మొన్నటిదాకా రాదుగా."

ఆ తర్వాతి కొన్ని నెలలంత ఆనందంగా నా జీవితంలో నేను ఎప్పుడూ లేను. వారానికి రెండు రోజులు, మూడు రోజులు, తెల్లవారగానే బక్కీలో బయల్దేరేవాళ్ళం. అవ్వ రొట్టెల్లో బంగాళాదుంప కూర చుట్టి ఇచ్చేది. కోర్టులు, ఆసుపత్రులు, సముద్రపు ఒడ్డున బట్టలు మార్చుకునే గదులు. ఏ ఊరెళ్ళినా ముందు భవనం చుట్టూ ఒకసారి తిరిగి, రెండో తలుపు ఎక్కడుందో వెతికేవాళ్ళం. ఎవరికి ముందు కనిపిస్తే వాళ్ళు గెలిచినట్టు. తాతే ఎప్పుడూ గెలిచేవాడు. ఆయన ఆ తలుపుల్లోంచి నడిచినవాడు మరి.

ఒక మంగళవారం, పీటర్‌మారిట్జ్‌బర్గ్ దాటి గంట ప్రయాణం పైన, ఒక చిన్న ఊరి పోస్టాఫీసుకి చేరాం. గంటస్తంభం ఉన్న పాత భవనం. బాగుచేస్తున్నామని మూసేసి, ముందు రేకులు కట్టారు. నేను దిగాను. తాత దిగలేదు. స్టీరింగు మీద చేతులు పెట్టుకుని అలాగే కూర్చున్నాడు.

"ఒంట్లో బాగాలేదా తాతా?"

"నువ్వు చూసి రా."

లోపల పని చేయిస్తున్న కాంట్రాక్టరు ముప్పై ఏళ్ళ జులూ అతను. చొక్కా జేబులో మూడు పెన్నులు, మాటలో మంచి హుషారు. ప్రభుత్వం నుంచి సొంతంగా దొరికిన మొదటి పెద్ద పని ఇదేనట. నన్ను ఉత్సాహంగా లోపలికి తీసుకెళ్ళాడు. పెద్ద హాలు. సరిగ్గా మధ్యలో, నేల నుంచి పైదాకా ఒక ఇటుక గోడ. గోడకు ఇటువైపు ఎత్తైన కిటికీలు, వెలుగు, టేకు బల్లలు. అటువైపు వెళ్ళాలంటే మళ్ళీ బయటికొచ్చి, వెనక సందులోంచి ఒక సన్న తలుపులో దూరాలి. అక్కడ పగలే చీకటి. కౌంటరు మాత్రం ఒక్కటే. గోడ చివర దాటి అటువైపుకీ సాగిపోయింది. అదే ఉద్యోగి ఇటు తిరిగితే తెల్లవాళ్ళకు, అటు తిరిగితే మిగతావాళ్ళకు స్టాంపులు ఇచ్చేవాడన్నమాట.

నేల చూశాను. పాతకాలపు రంగుపలకలు. టీ రంగులో, మీగడ రంగులో, ఎనిమిది కోణాల నక్షత్రాలు ఒకదాని చెయ్యి ఒకటి పట్టుకున్నట్టు అల్లుకున్నాయి. గోడ దగ్గరికొచ్చేసరికి ఒక వరుస నక్షత్రాలు సగానికి తెగిపోయాయి. అవతల చీకట్లో మిగతా సగాలు ఉన్నాయి.

"గోడ ఎప్పుడు తీస్తారు?"

"వచ్చే వారం. నేల కూడా తవ్వేసి కొత్త టైల్స్ వేస్తాం. గోడ కింద ఎలాగూ చితికిపోయి ఉంటుంది. మధ్యలో అంత మచ్చ పెట్టుకుని నేల ఉంచలేం కదా. ప్లానులో అలాగే ఉంది."

నేను బయటికొచ్చి ఈ సంగతి తాతకు చెప్పాను. నేల తవ్వేస్తారు అన్న మాట దగ్గర ఆయన తలుపు తోసుకుని దిగాడు.

"ఎందుకు తవ్వాలి? కింద నేల బాగుంది."

"మీకెలా తెలుసు?"

"ఆ గోడ నేను కట్టినాది," అన్నాడు తెలుగులో.

మిగతాదంతా ఇంగ్లీషులోనే చెప్పాడు, బక్కీకి ఆనుకుని, నా మొహం చూడకుండా. అప్పటికి ఆయనకి ఇరవయ్యేళ్ళు. ఒక తెల్ల కాంట్రాక్టరు దగ్గర పని. ఇద్దరు మేస్త్రీలను ఈ ఊరు పంపారు. గోడ గట్టిగా పట్టుకోవాలంటే కింద పలకల్ని సుత్తితో గంట్లు కొట్టి, సిమెంటు పోసి, దాని మీద ఇటుక పెట్టమన్నారు.

"ఆ నేల ఎవరు వేశారో తెలీదు. రెండు పలకల మధ్య గోరు కూడా దూరదు. అంత మంచి పని. దాన్ని కొట్టడానికి నాకు చెయ్యి రాలేదు. సూపర్‌వైజరు భోజనానికి వెళ్ళినప్పుడు పలకల మీద తారు కాగితం పరిచాను, తడి రాకుండా గోడల కింద వేస్తామే, అది. దాని మీద ఇటుక పెట్టుకుంటూ పోయాను. కౌంటరు పక్క అక్కడ, చివర మాత్రం, ఆయన వచ్చి నిలబడ్డాడు. అక్కడ కొట్టక తప్పలేదు."

"అవ్వకి తెలుసా?"

"ఎవరికీ తెలీదు. ఏమని చెప్పను? గోడ కడుతున్నన్నాళ్ళూ ఇటుకలు ముందు తలుపులోంచే మోశాను. పూర్తయిన రోజు అక్కకి ఉత్తరం వేద్దామని అదే తలుపులోంచి వెళ్ళబోతే, నీది వెనక తలుపు అన్నారు."

ఆయన చెయ్యి పట్టుకుని లోపలికి లాక్కెళ్ళాను.

కాంట్రాక్టరు అంతా విన్నాడు. తాత అతనితో జులూలో మాట్లాడాడు. అతను "హవ్, బాబా!" అంటూ మధ్యమధ్యలో నావైపు చూశాడు. మనం పెద్దవాళ్ళని బాబూ అన్నట్టే వాళ్ళు బాబా అంటారు. చివరికి తల గోక్కున్నాడు.

"నలభై ఏళ్ళ మాట బాబా. కాగితం ఇంకా ఉంటుందా? మా ఇంజినీరు నా మాట వినడు, కళ్ళతో చూస్తేనే వింటాడు. సరే. గోడ తీసే రోజు మీకు ఫోన్ చేస్తాను. మీరే దగ్గరుండి తీయించండి."

తర్వాతి గురువారం అనుకున్నాం. సోమవారం పొద్దున ఆరు గంటలకే ఫోన్ మోగింది. కూలీలు ముందే దొరికారు, పది గంటలకు మొదలుపెడుతున్నాను, ఆపలేను అన్నాడు కాంట్రాక్టరు. మా ఆయన డ్యూటీకి బయల్దేరుతూ నా కెమెరా పెట్టె కిందికి మోశాడు. నేను ఫోన్ చేస్తే తాత అప్పటికే ఆషర్‌విల్ నుంచి వచ్చేశాడు. పని మానేసిన తర్వాత మొదటిసారి తన పనిముట్ల సంచీ భుజాన వేసుకున్నాడు. అవ్వ చేతిలో రొట్టెల మూట పట్టుకుని, "నెమ్మదిగా నడుపు, ముదనష్టపోడా!" అని వీధి చివరిదాకా కేకలేసింది.

నెమ్మదిగా నడపలేదు. పీటర్‌మారిట్జ్‌బర్గ్ ముందు కొండ మీద మంచు కమ్మేసింది. ముందు లారీ ఎర్రదీపాలు తప్ప ఏమీ కనపడలేదు. నేను గడియారం చూసినప్పుడల్లా ఆయన "చూడకు" అనేవాడు. పదికి ఐదు నిమిషాలుండగా పోస్టాఫీసు ముందు ఆగాం. లోపల నలుగురు మనుషులు సమ్మెటలు పట్టుకుని గోడ ముందు నిలబడి ఉన్నారు.

"ఆగండి!" అని తాత మూడు భాషల్లో అరిచాడు.

పక్క నుంచి సమ్మెటతో కొడితే ఇటుకలు పడి పలకలు పగులుతాయి. అందుకని రెండువైపులా నేల మీద గోనెసంచులు పరిచి, వాటిమీద చెక్కలు వేయించాడు. పైనుంచి ఒక్కొక్క వరుస ఉలితో విడదీసి చేతికందించమన్నాడు. మొదట కూలీలు గొణిగారు. అరగంటలో ఆయనతో పని ఆటలా అయిపోయింది వాళ్ళకి. ఆయన జులూలో ఏదో అనడం, వాళ్ళు గొల్లున నవ్వడం. నేను మూలకు కెమెరా బిగించి, నల్లగుడ్డలో ఉక్కపోసి, ప్రతి పది వరుసలకీ ఒక ఫిల్ము వాడాను. నా దగ్గర మొత్తం పన్నెండే ఉన్నాయి.

గోడ నా భుజం ఎత్తుకు దిగేసరికి ఎవరూ అనుకోని సంగతి ఒకటి జరిగింది. ఎత్తైన కిటికీల్లోంచి పడే ఎండ గోడ మీదుగా దూకి అవతలి చీకట్లోకి వెళ్ళింది. అక్కడి గోడకి ఆకుపచ్చ రంగుందని అప్పుడే తెలిసింది. దుమ్ములో ఎండ పట్టీలు పట్టీలుగా నిలబడింది. కూలీల్లో ఒకతను ఈల వేశాడు. అందరూ చేతిలో పని ఆపేశారు. నేను షట్టరు తెరిచి, అంత తక్కువ వెలుగులో బొమ్మ పడడానికి పట్టే ముప్పై సెకన్లు పైకే లెక్కపెట్టాను. ఆ ముప్పై సెకన్లూ ఎవరూ కదల్లేదు.

మధ్యాహ్నం రెండయ్యేసరికి ఒక్క వరుస మిగిలింది. తాత అందర్నీ పక్కకి జరగమన్నాడు. మోకాళ్ళ మీద కూర్చుని, సన్న ఉలి మొదటి ఇటుక కిందికి పోనిచ్చి, సుత్తితో రెండు తట్లు తట్టాడు. ఇటుక కదిలింది. రెండు చేతులతో ఎత్తి పక్కన పెట్టాడు. కింద నల్లటి కాగితం, బూడిదలా పొడిబారి. కాంట్రాక్టరు నా పక్కనుంచి ముందుకు వంగాడు.

తాత గోటితో కాగితం అంచు లేపాడు. అది ముక్కలు ముక్కలుగా ఊడొచ్చింది. గోనె ముక్కను నీళ్ళలో ముంచి తుడిచాడు.

నక్షత్రం!

చెక్కుచెదరకుండా, పక్కవాటికన్నా కొత్తగా, నలభై ఏళ్ళు ఎవరి కాలూ తగలని రంగుతో మెరుస్తూ ఉంది. కాంట్రాక్టరు "బాబా! బాబా!" అని అరుస్తూ ఆయన వీపు మీద చరిచాడు. కూలీలు మిగతా ఇటుకలు తీయడానికి పోటీలు పడ్డారు. ఒక్కో నక్షత్రం బయటపడ్డప్పుడల్లా ఒక కేక. కౌంటరు పక్క చివర నాలుగు పలకలు మాత్రం చితికిపోయి ఉన్నాయి, ఆయన చెప్పిన చోటే. తాత వాటి మీద అరచెయ్యి పెట్టి కాసేపు కూర్చున్నాడు. తర్వాత లేచి, ఆ పొడవాటి మెరిసే వరుస వెంట ఒక చివర నుంచి ఇంకో చివరకి నడిచాడు.

"తాతా, అక్కడే ఆగండి! కదలకండి!"

అది నా పన్నెండో ఫిల్ము. చుట్టూ తిరుగుతున్న కూలీలు ఆ ముప్పై సెకన్లలో ఫిల్ము మీద పొగలా చెదిరిపోయారు. తాత ఒక్కడే కదలకుండా నిలబడ్డాడు.

మర్నాడు పొద్దున్న బాత్‌రూము కిటికీకి నల్ల ప్లాస్టిక్కు అంటించి ఫిల్ములు కడిగాను. చీకట్లో ట్రేలో ఫిల్ము అటూ ఇటూ తిప్పుతూ నిమిషాలు లెక్కపెట్టుకున్నాను. దీపం వేసి చూస్తే పన్నెండో ఫిల్ము మీద ప్రతి నక్షత్రం కోణాలతో సహా ఉంది. తడి చేతులతోనే కిందికి పరుగెత్తి అవ్వకి చూపించాను. నెగెటివ్ కాబట్టి తాత మొహం తెల్లగా, నెరిసిన జుట్టు నల్లగా ఉంది. "ఈడికి మళ్ళీ వయసొచ్చినాది!" అంది అవ్వ. రాత్రి అక్కడే ఉండిపోయిన తాత అప్పుడే ఆవిడకు గోడ సంగతి చెప్పాడు. అవ్వ ముందు తిట్టింది, ఇంతకాలం చెప్పనందుకు. తర్వాత కొంగుతో కళ్ళు తుడుచుకుని ఇద్దరికీ చారు పోసింది.

సంపాదకురాలు ఆ వారమే ఫోటోల కాపీలు ఇంజినీరుకి పంపింది. ఆయన స్వయంగా వెళ్ళి చూశాడు. ప్లాను మార్చి, నేల ఉంచేయమన్నాడు.

వ్యాసం మిగిలింది. ఇంగ్లీషులో మొదలుపెడితే ప్రతి వాక్యం పరీక్ష పేపర్లా వచ్చింది. విసిగిపోయి వంటింటి బల్ల దగ్గర కూర్చుని, అంతా ముందు తెలుగులో రాసేశాను. అమ్మకి ఉత్తరం రాసినట్టు. ఒక్క పూటలో పదిహేను పేజీలు! తర్వాత దాన్ని ఇంగ్లీషు చేశాను. సంపాదకురాలు మొదటి రెండు పేజీలూ నిలువునా కొట్టేసింది. "ఇక్కడంతా మీరు ఎంత ఆశ్చర్యపోయారో చెప్పారు. అది వద్దు. గోడ ఎంత మందం, కాగితం ఎక్కడ పెట్టాడు, అది చెప్పండి. ఆశ్చర్యం చదివేవాళ్ళకు వదిలేయండి." ఆ పాఠం తర్వాత నేను రాసిన ఏ పుస్తకంలోనూ మరవలేదు.

తాత పేరు వేస్తామంటే ఆయన ఒప్పుకోలేదు. "కట్టినోడూ నేనే. నాకు దండలెందుకు? ఒక మేస్త్రీ అని రాయి, చాలు." అలాగే రాశాను.

పత్రిక వచ్చిన పది రోజులకే ఉత్తరాలు మొదలయ్యాయి. మా ఊరి కోర్టులో బోనుకి రెండు దారులున్నాయి, వచ్చి చూడండి. మా ఆసుపత్రిలో శవాల గదులు కూడా రెండు. సంపాదకురాలు వాటిని కట్టగట్టి నాకు పంపింది. ఆర్కిటెక్టు పరీక్షల పుస్తకాలు అదే చదువు చదువుతున్న అవ్వ మనవరాలికి ఇచ్చేశాను. ఆ రోజు నుంచి ఎవరైనా ఏం చేస్తుంటారు అని అడిగితే, భవనాలు ఫోటోలు తీస్తాను, వాటి గురించి రాస్తాను అని చెప్పడం మొదలుపెట్టాను. మొదటిసారి చెప్పినప్పుడు అబద్ధమాడినట్టు అనిపించింది. మూడోసారికి అలవాటైపోయింది.

పోస్టాఫీసు తిరిగి తెరిచిన రోజు కాంట్రాక్టరు మమ్మల్ని పిలిచాడు. అవ్వ కూడా పట్టుచీర కట్టుకుని బక్కీలో మా మధ్య కూర్చుంది. ముందు తలుపు రెండు రెక్కలూ బార్లా తీసి ఉన్నాయి. లోపల కౌంటరు ఈ చివర నుంచి ఆ చివరకి ఒకటే బారు. ముందు ఒకే వరుస జనం. బిడ్డను వీపుకి కట్టుకున్న ఒక జులూ ఆవిడ, టోపీ పెట్టుకున్న తెల్ల రైతు, స్కూలు బట్టల్లో ఇద్దరు పిల్లలు. అందరూ నక్షత్రాల మీదే నిలబడి, వాటిని చూడకుండా, తమ వంతు ఎప్పుడొస్తుందా అని ముందుకు చూస్తున్నారు.

తాత వాళ్ళెవర్నీ చూడలేదు. నేరుగా కౌంటరు పక్కకి వెళ్ళి, చితికిన చోట కొత్తగా వేసిన నాలుగు పలకల ముందు వంగి, వేలితో సందులు తడిమాడు.

"ఎవడు వేశాడిది?"

కాంట్రాక్టరు బెదురుగా, "మా మనిషే బాబా. ఏమైంది?"

"సందు వెడల్పయింది. గోరు దూరుతోంది." జేబులోంచి కొలబద్ద తీశాడు. "మనిషిని పిలువు. నేను చూపిస్తాను."

అవ్వ నెత్తి కొట్టుకుంది. కాంట్రాక్టరు నవ్వు ఆపుకోలేక లోపలికి మనిషి కోసం పరుగెత్తాడు. వరుసలో ఉన్న జనం పక్కకి జరిగి చోటిచ్చారు. నేను కెమెరా పెట్టె మూత తెరిచాను.